ఫిదేలియా ఇంటికి మంచం వచ్చింది

షుల్కాబ్‌లో వల ఉయ్యాలలు నెయ్యని ఇల్లు వెతికినా దొరకదు. అయినా మెరిదా పట్నం నుంచి కొనడానికి వచ్చేవాళ్లు బస్సు దిగుతూనే అడిగేది ఫిదేలియా వికాబ్ ఇల్లెక్కడ అనే. ఆవిడ చేతి అల్లిక అంత ఒత్తుగా ఉంటుంది. అందులో పడుకుంటే వీపుకు దారం గుచ్చుకోదు, పొద్దున లేచాక నడుం పట్టెయ్యదు. అలాంటి మనిషి, యాభై మూడేళ్ల వయసులో, నేత చట్రం ముందు నిలబడే కునుకు తీసి, నీలం దారం అల్లాల్సిన చోట రెండు జానల మేర పసుపు దారం అల్లేసింది. అది చూసినవాళ్లంతా ఫిదేలియాకు ఏదో అయిందనుకున్నారు.

అయింది మరి. రెండేళ్లుగా ఆవిడకు సరైన నిద్ర లేదు. పగలు ఎలాగో గడిచిపోయేది. రాత్రి నడుం వాల్చిన అరగంటకు మొదలయ్యేది. పొట్టలోంచి మంట పైకి పాకి, రొమ్ముల నడుమ నిలిచి, ఆ పైన పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. ఇక దగ్గు, ఉక్కిరిబిక్కిరి. లేచి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, కోళ్లు కూసేదాకా అలా కూర్చునేది.

నిద్ర లేదన్నది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. అది ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆవిడ మొగుడు సెరాపియో పోత్ రిక్షా తొక్కుతాడు. జనాన్ని ముందు కూర్చోబెట్టుకుని, వెనక తను కూర్చుని తొక్కే మూడు చక్రాల రిక్షా. పగలంతా అతని నోట్లోంచి మాట ఊడిపడదు. అన్నిటికీ ఊఁ, ఊహూఁ. కానీ రాత్రి ఉయ్యాలలో పడుకున్నాడా, ఇక చూడండి! ఎవరు రిక్షా ఎక్కారు, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, మిల్లు దగ్గర ఎవరు ఎవర్ని ఏమన్నారు, అన్నీ వస్తాయి. ఇద్దరి ఉయ్యాలలూ ఒకే దూలానికి పక్కపక్కన వేలాడేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ తన కాలితో ఆవిడ ఉయ్యాలను మెల్లగా తోస్తుండేవాడు. ముప్పై ఏళ్ల సంసారం అంతా ఆ గంటలోనే జరిగింది. పిల్లలిద్దరికీ పేర్లు పెట్టుకుంది అప్పుడే, పెళ్లిళ్లు కుదుర్చుకుంది అప్పుడే, పోట్లాడుకున్నదీ, రాజీపడ్డదీ అప్పుడే. ఫిదేలియా కుర్చీ ఎక్కాక ఆ గంట పోయింది. సెరాపియో తన ఉయ్యాలలో అటు తిరిగి, కదలకుండా ఉండేవాడు. ఆవిడ ఇటు కూర్చుని ఉండేది. ఒకే గదిలో ఉంటూ మొగుడి కోసం బెంగ పెట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? నవ్వరూ!

చివరికి పసుపు దారం సంగతి జరిగాక, ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడ ఆ ఏడు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. పేరు ఇబార్రా. ఉత్తరాన సొనోరా ఎడారి సీమ పిల్ల. చదువు అయ్యాక పల్లెలో ఏడాది పనిచెయ్యాలన్న నియమం మీద వచ్చింది. పాతికేళ్లు ఉంటాయో ఉండవో. మా ఉక్కకు చెమటలు కక్కుతూ, అయినా విసుక్కోకుండా, ఒక్కొక్కటే అడిగింది.

"కారం తింటారా అమ్మా?"

"లేదమ్మా. మా వంటల్లో కారం ఉండదు."

నిజమే, ఉండదు. మా అబనేరో మిరపకాయ వంటలో పడదు, విడిగా గిన్నెలో బల్ల మీద ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్లు కొరుక్కుంటారు. ఫిదేలియా ముద్దకో కాయ కొరుకుతుందన్నది వేరే సంగతి. దాన్ని ఎవరడిగారు?

"పుల్లటి పళ్లు?"

"నేను పళ్లే తినను తల్లీ."

పుల్ల నారింజ మాకు పండు కాదు కదా! మాంసం నానబెట్టేది దాంతోనే, ఉల్లిపాయ ముక్కలు ఊరేసేది దాంతోనే, పులుసులో పిండేదీ అదే. ఉప్పును పండంటామా?

"రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తారు?"

"రాత్రి భోజనమా? అబ్బే, అలవాటే లేదు. ఏదో కొంచెం నోట్లో వేసుకుంటాను, అంతే."

ఆ కొంచెం ఏమిటంటే, తొమ్మిదిన్నరకు చర్చి ముందు బండి దగ్గర, నల్ల చిక్కుడు ముద్ద కూరి నూనెలో వేయించిన రొట్టెలు నాలుగు. భోజనం అంటే మధ్యాహ్నం చేసేది. ఫిదేలియా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, శిలువ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యమన్నా చేసేది.

డాక్టరమ్మ ఆలోచించి గొట్టం మాత్రలు రాసిచ్చింది. పొద్దున్నే పరగడుపున ఒకటి వేసుకుని, అరగంట ఆగి అప్పుడు తినాలి. "పొట్టలో పుల్లనీళ్లు ఎక్కువ ఊరకుండా చేస్తుందమ్మా ఇది. కానీ మాత్ర ఒక్కటే సరిపోదు. పడక కూడా మారాలి," అంటూ కాగితం మీద మంచం బొమ్మ గీసింది. "తల వైపు రెండు కోళ్ల కిందా ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు చెయ్యండి. తలగడలు పెట్టుకుంటే చాలదు, మంచమే లేవాలి. అర్థమైందా?"

"మంచిదమ్మా," అంది ఫిదేలియా.

మంచమట! షుల్కాబ్‌లో మంచం అంటే ఆసుపత్రిలో ఉండేది. పుట్టినా, జ్వరమొచ్చినా, కాపురం చేసినా, కన్ను మూసినా మాకు ఉయ్యాలే. ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఎలా చెబుతుంది? అంత చదువుకున్న పిల్ల బొమ్మ గీసి మరీ చెబుతుంటే, మా ఇంట్లో అది లేదమ్మా అని మొహం మీద అనెయ్యడమేనా? చిన్నబుచ్చుకోదూ?

ఇంటికొచ్చి బొమ్మ సెరాపియోకు చూపించింది. అతను కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"తల వైపు ఎత్తమంది, అంతేగా?"

"అంతే."

ఆమె ఉయ్యాల తలవైపు తాడు విప్పి, దూలం మీదికి రెండు జానలు ఎగదోసి కట్టాడు. ఆ రాత్రి ఫిదేలియా తల పైన పెట్టుకునే పడుకుంది. కాసేపటికి జారడం మొదలైంది. సగం రాత్రికల్లా కాళ్ల వైపు కుప్పపడి, మోకాళ్లు గడ్డానికి తగిలి, పొట్ట మడతపడి, మంట ఎప్పటికంటే రెట్టింపై లేచింది. మళ్లీ కుర్చీయే గతి.

పొద్దున పక్కింటి కాందితా మొక్కజొన్నలు పిండి పట్టించుకోవడానికి పోతూ తొంగి చూసింది. ఈవిడ చర్చిలో బాప్తిస్మం నాడు ఫిదేలియా పెద్దపిల్లకు జ్ఞానతల్లిగా నిలబడింది. నోరు ఊరుకోదు.

"అదేంటే వదినా, ఆ ఉయ్యాల అలా నిలబడింది? అందులో పడుకుంటావా, దూకుతావా?"

"డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మా! కోడిని సంతకు తీసుకెళ్లేటప్పుడు సంచిలో కుక్కుతాం చూడు, నిన్నలా కుక్కమందా?"

"నవ్వు, బాగా నవ్వు. నీకొస్తే తెలుస్తుంది."

అయినా మానలేదు. చెప్పింది డాక్టరు కదా! నెల రోజులు అలాగే జారింది. నెల తర్వాత మళ్లీ వెళితే డాక్టరమ్మ మొదట అడిగింది అదే.

"మంచం ఎత్తు పెట్టారా?"

"పెట్టాం తల్లీ. చెప్పినదానికంటే ఎక్కువే ఎత్తారు మా ఆయన."

డాక్టరమ్మ నుదురు చిట్లించింది. మాత్రలు రోజుకు రెండు చేసింది. ఇంకో నెలకు కూడా తగ్గకపోతే మెరిదాకు పంపి, గొంతులోంచి గొట్టం వేయించి లోపల చూడాలంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఫిదేలియాకు భయం పట్టుకుంది. చూస్తే ఏం కనపడుతుందో! సెరాపియోకు చెబితే ఊఁ అని రిక్షా తీసుకుని వెళ్లిపోయాడు.

ఇది ఇలాగే సాగేదే, ఆ సోమవారం డాక్టరమ్మ తనంతట తను ఇంటికి రాకపోతే. వాళ్ల నాన్నకు పంపడానికి ఒక మంచి ఉయ్యాల కావాలని వచ్చింది. వచ్చింది మధ్యాహ్నం. సోమవారం కాబట్టి, ఊళ్లో ప్రతి ఇంట్లోలాగే పంది మాంసం వేసి వండిన నల్ల చిక్కుళ్లు. ఆ వేళకు గుమ్మంలోకొచ్చిన మనిషిని తినకుండా పంపిస్తామా? కూర్చోబెట్టారు. ఫిదేలియా తన కంచంలో సగం పుల్ల నారింజ పిండుకుని, గిన్నెలోంచి పసుపుపచ్చ అబనేరో తీసుకుని కరుక్కున కొరికింది. డాక్టరమ్మ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా! కారం తిననన్నారు కదా!"

"తిననమ్మా. చూడండి, కూరలో ఒక్క మిరపకాయ ఉందేమో."

"మరి నోట్లో ఉన్నదేంటి?"

"ఇది కూరలోది కాదు కదా."

డాక్టరమ్మ రొట్టె కంచంలో పెట్టి, మెల్లగా అడిగింది. "మీ మంచం ఒకసారి చూపిస్తారా?"

ఫిదేలియా మొహం పాలిపోయింది. పగలు నోరు విప్పని సెరాపియో అప్పుడూ విప్పలేదు. చెయ్యెత్తి దూలం చూపించాడు. తలవైపు ఆకాశానికీ కాళ్లవైపు నేలకూ వేలాడుతున్న ఆ ఉయ్యాలను డాక్టరమ్మ తల ఎత్తి చూసింది, దించి చూసింది. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది.

"తప్పు నాదే అమ్మా. మంచం ఉందో లేదో అడక్కుండా ఇటుకలు పెట్టమన్నాను. నెలన్నర మిమ్మల్ని మడతపెట్టి పడుకోబెట్టాను."

"మీ తప్పేముంది తల్లీ, మా ఇంట్లో లేనిదానికి."

ఈసారి డాక్టరమ్మ ఇంట్లోనే పాఠం చెప్పింది. పొట్ట నలగని తిన్నని పడక కావాలి, ఈ జబ్బు తగ్గేదాకా మంచం తప్పదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే పుల్లనీళ్లు పైకి ఎగదన్నడం తగ్గుతుంది. చివరి ముద్దకూ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. అబనేరో, పుల్ల నారింజ, వేయించిన రొట్టెలు రెండు నెలలు ముట్టకూడదు.

"రెండు నెలలా!" అంది ఫిదేలియా. "ఏం తిని బతకాలి?"

"నిద్రపోవడానికి బతకండి ముందు," అంది ఆ పిల్ల. నెలన్నరలో మాటలు నేర్చేసింది.

మెరిదాలో ఉండే ఫిదేలియా చెల్లెలు నిదెల్వియా తన ఇంట్లో వాడకుండా పడున్న మంచాన్ని కూరగాయల లారీలో వేయించి పంపింది. దాన్ని పట్టపగలు దించడానికి ఫిదేలియా ఒప్పుకోలేదు. చీకటి పడేదాకా లారీని ఊరి బయటే ఆపించి, దుప్పటి కప్పి మోయించింది. వీధంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది.

"ఎవరే వదినా పోయింది?" అంది కాందితా. దుప్పటి కొస ఎత్తి చూసి, రెండు చేతులూ చరిచింది. "అమ్మ బాబోయ్! ఉయ్యాలల రాణిగారు మంచం తెచ్చుకున్నారర్రోయ్! మరి మేమెవరి ఉయ్యాలలో పడుకోవాలమ్మా ఇక?"

అదే ఫిదేలియా గుండెల్లో ఉన్న మాట. మిఠాయి చేసేవాడు తన మిఠాయి తనే తినకపోతే కొనేవాళ్లు ఏమనుకుంటారు? వాళ్లు పడుకునే వెనక తాటాకు ఇంట్లో మట్టి నేల మీద ఇటుకలు కుంగిపోయాయి కాబట్టి, మంచాన్ని వీధి వైపు కట్టిన సిమెంటు గదిలో, గోడకు ఆనించి వెయ్యాల్సొచ్చింది. బేరాలు జరిగేది ఆ గదిలోనే. అందుకని అడ్డంగా పూల తెర కట్టి దాచేసింది.

మొదటి రాత్రులు కష్టంగానే ఉన్నాయి. కదలని పడక మీద మనిషి ఎలా పడుకోవాలి? వీపు కింద చెమట. ఎటు తిరిగినా ఆవిడతో పాటు తిరగనిది ఆ మంచం. నోటికి రుచి లేదు, ఉడకబెట్టిన గుమ్మడికాయ ముక్కలూ రొట్టే చూసి ఏడుపొచ్చేది. అయినా సాయంత్రం ఆరింటికే తినేసి, రెండు పూటలా మాత్ర వేసుకుని, ఎడమ పక్కకు గోడ వైపు తిరిగి పడుకునేది. వారం దాటింది. ఒక రోజు కళ్లు తెరిచేసరికి మొహం మీద ఎండ పడుతోంది. రాత్రి ఎప్పుడు పోయిందో తెలియదు. రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకుంది. మంట లేదు. మంచం మీద కూర్చుని, దుప్పటితో మొహం కప్పుకుని హాయిగా ఏడ్చింది.

తర్వాత రోజూ అంతే. చేతికి మళ్లీ పని వచ్చింది. చట్రం ముందు నిలబడితే సూది పరిగెత్తేది. రెండు వారాల్లో డాక్టరమ్మ నాన్న ఉయ్యాల నేసి ఇచ్చేసింది. ఆ సంతోషంలో ఇంట్లో ఉన్న రెండో మనిషి మొహం వంక ఆవిడ చూడలేదు. నాకు ఆవిడంటే ఎంత అభిమానమున్నా, ఇది మాత్రం తప్పేనంటాను.

ఒక గురువారం పది గంటల వేళ కాందితా కుంటుకుంటూ వచ్చింది. మోకాలు గీరుకుపోయి ఉంది, జుట్టు నిండా మొక్కజొన్న పిండి ముద్ద.

"నీ మొగుడు నన్ను చంపేశాడే వదినా!"

"ఏం చేశాడు?"

"నిద్రపోయాడు! మిల్లు దగ్గర్నుంచి తొక్కుకుంటూ తొక్కుకుంటూనే కళ్లు మూసేసి, నన్నూ, నా పిండి బకెట్‌నూ తీసుకెళ్లి రాళ్ల గోడకేసి కొట్టాడు. కుక్కలు పండగ చేసుకుంటున్నాయి అక్కడ!"

"ఆయనకేమైంది? దెబ్బ తగిలిందా?"

"మోచెయ్యి. బానే ఉన్నాడులే." కాందితా గొంతు తగ్గించింది. "ఏమే, నీకు నిజంగా తెలీదా? మూడు వారాలుగా రాత్రంతా ఊరు చుట్టూ నడుస్తున్నాడు. మా గుమ్మం ముందు నుంచే. మొరిగి మొరిగి నా కుక్క గొంతు పోయింది. నువ్వే ఇంట్లోంచి గెంటేస్తున్నావనుకున్నాను."

ఫిదేలియా సూది చట్రానికే వదిలేసి వెనక తాటాకు ఇంట్లోకి వెళ్లింది. సెరాపియో నేల మీద కూర్చుని, మోచెయ్యి నీళ్లతో కడుక్కుంటున్నాడు. కళ్ల కింద నల్లటి గుంటలు. ఇన్నాళ్లూ అవి తనకెలా కనపడలేదో ఆవిడకు అర్థం కాలేదు.

"నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"పోతున్నా."

"కాందితా కుక్క వేరే చెబుతోంది."

అతను నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎక్కడ చెప్పేదే?" అన్నాడు సెరాపియో. పగలు అంత మాట అతని నోట వచ్చి ఎన్నేళ్లయిందో! "ఉయ్యాలలో పడుకుంటే చెప్పేవాణ్ణి. పక్కన నువ్వు లేవు. లోపలికొచ్చి చెబుదామంటే, రెండేళ్లకు నీకు కన్నంటుకుంది. లేపమంటావా?"

ఫిదేలియా అతని పక్కనే కూలబడింది. తన జబ్బు కుదిరింది కానీ, అది పోతూ పోతూ ఈయన మీద పడిందని అప్పుడు తెలిసింది. తర్వాత ఆవిడే లేచింది.

"సుత్తి ఎక్కడ పెట్టావు?"

"ఎందుకు?"

"ముందు గదిలో కొక్కేలు కొట్టాలి. లే."

ముందు ఆవిడ పూల తెర పీకేసింది. అది ఉంటే ఉయ్యాలకు చోటు చాలదు. కొనడానికి వచ్చినవాళ్లకు మంచం కనపడుతుందంటారా, కనపడనీ. సెరాపియో గోడకు కొక్కెం ఆనించి, సుత్తి ఎత్తి, ఆగాడు.

"డాక్టరమ్మ ఏ పక్కకు తిరగమంది?"

"ఎడమ."

"ఎడమ పక్క గోడ ఉందిగా."

ఇద్దరూ కలిసి మంచాన్ని, దాని కోళ్ల కింద ఇటుకల్ని గది మధ్యకు లాగారు. గోడకూ మంచానికీ మధ్య అతని ఉయ్యాల కట్టారు. ఆవిడ ఎడమ పక్కకు తిరిగి పడుకుని చూసింది. అతని మొహం మూరెడు దూరంలో ఉంది.

ఆ రాత్రి సెరాపియో మూడు వారాల మాటలన్నీ మాట్లాడాడు. రిక్షా గొలుసు తెగిన సంగతి, మిల్లువాడి తమ్ముడి పెళ్లి చెడిన సంగతి, కాందితా జుట్టులో పిండి సంగతి. మంచాన్ని కాలితో తోద్దామని చూశాడు, అది కదలలేదు. ఫిదేలియా నవ్వింది. కొంతసేపటికి ఊఁ కొట్టడం మానేసింది. కళ్లు మూతపడ్డాయి. నిద్రపోయిందనుకున్నాడు. అప్పుడు గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టాడు.

"నీకో మాట చెప్పాలే. ఆ రెండేళ్లూ నువ్వు కుర్చీలో కూర్చుని దగ్గుతుంటే నేను నిద్రపోలేదు. అటు తిరిగి కళ్లు మూసుకుని పడుకున్నాను, అంతే. మా అమ్మ అలాగే గుండె పట్టుకుని కూర్చుని కూర్చుని పోయింది. లేచి ఏమైందని అడిగితే నువ్వూ గుండే అంటావేమోనని భయమేసింది. పిరికివాణ్ణి. లేచి మంచినీళ్లైనా ఇవ్వలేదు నీకు."

"తెలుసు," అంది ఫిదేలియా, కళ్లు తెరవకుండానే.

సెరాపియో ఉలిక్కిపడ్డాడు. "ఏం తెలుసు?"

"నిద్రపోతే గురక పెడతావు. ఆ రెండేళ్లూ ఒక్క రాత్రి కూడా పెట్టలేదు."

అతను ఉయ్యాలలో లేచి కూర్చున్నాడు.

"తెలిసీ ఒక్కసారైనా పిలవలేదేమే?"

"పిలిస్తే నీ భయం తీరిపోయి, నిజంగానే నిద్రపోతావేమోనని," అంది ఆవిడ. "అప్పుడు మేలుకుని నేనొక్కదాన్నే మిగిలిపోయేదాన్ని కదా."